పన్నెండో రాయి వాసన

శామీర్‌పేట,
జూలై 1998

బాలరాజు బావకు గండయ్య వందనాలు.

ఒక్క మాట అడుగుత, తిప్పకుండ చెప్పు. రాయి కొట్టి, రాయి మోసి, రాయి మీదనే సద్ది తిని పెరిగినోనివి గదా, నీ కాలి కింద రత్నం పడుంటే ఎప్పుడన్నా వంగి చూసినవా? చూడలే. నేను గూడ చూడలే. కండ్లుండి చూడనోళ్ళు అని పరిశుద్ధ గ్రంథం తిట్టింది మనల్నే.

మొన్న సుచిత్ర కాడ పార్వతీదేవమ్మ అనే పెద్దమనిషి ఇంట్ల ప్రహరీ గోడ పనికి పోయిన. భూగర్భ శాఖల కొలువు చేసి రిటైరైన అమ్మ. తాపీ పక్కన పెట్టి దేవుని వాక్యం నాలుగు మాటలు చెప్దామని మొదలుపెట్టిన. ఆమె అన్నీ విని, లోపలికి రమ్మని అద్దాల అల్మారా తెరిచింది. బావా, ఏమని చెప్పాలె! వేలంత పొడుగు పచ్చరాయి, ఆరు పలకలు. దారం పట్టి గీసినట్టు అంచులు.

"ఎవలు చెక్కిన్రమ్మా?" అన్న.

"ఎవరూ చెక్కలేదు గండయ్యా. భూమిలో అట్లానే పెరిగింది. చెక్కితే నగ అవుతుంది, నాకు నగలొద్దు. మొన విరగకుండా, అంచు పగలకుండా, పుట్టినది పుట్టినట్టు ఉంటేనే దాచుకుంటాను."

ఏడ దొరికిందంటే, నెల్లూరు జిల్లా పాత అభ్రకం గనులంట. దొరల కాలంల తవ్వినయంట. సైదాపురం పేరు ఇనంగనే నా గుండె జల్లుమన్నది. మా బావ అన్నం తినేది ఆన్నే గదా!

అప్పటిసంది నా కాలు ఒక్క కాడ నిలుస్తలేదు. బలిపీఠం రాయికి ఉలి తగిలితే మైల పడ్డట్టే అని గ్రంథం చెప్తది. రాబోయే దేవుని పట్టణం గోడకు పన్నెండు పునాదులు, పునాదికొక్క రత్నమని అదే గ్రంథం చెప్తది. ఇన్నేండ్ల నుంచి గౌడవెల్లిల, మేడ్చల్‌ల గొంతు చించుకొని ఆ పేర్లు చదువుతున్న. సూర్యకాంతం, నీలం, యమునారాయి, పచ్చ అనేసరికే జనం ఆవులిస్తరు. ఇగ చదువుడు బంద్. చూపిస్త! డిసెంబర్ పండుగ కూడికల ఉలి తగలని పన్నెండు రాళ్ళు ఒక్క పెట్టెల పెట్టి, అందరి ముంగట మూత తెరుస్త.

నువ్వు వంగి చూడాలె బావా. దొరికింది దొరికినట్టు మన గౌరయ్య లారీల పంపు. నెల్లూరు తొవ్వలనే తిరుగుతాండు గదా.

మా చెల్లె యమున మంచిగున్నది. పోయినప్పుడల్లా కుండల సల్లటి నీళ్ళిచ్చి ఒక్కటే మాట అడుగుతది: "ఆయన గుంతలల్ల దిగుతలేడు గదా అన్నా?" పైన కుప్పలు ఏరుడే పని అని చెప్పిన. అంతే గదా?

గండయ్య


సైదాపురం,
ఆగస్టు

గండయ్య బావకు,

నువ్వు ఉత్తరం రాసినా మైకు పట్టుకున్నట్టే ఉంటది. సదువుతుంటే చెవులు గుయ్యిమన్నయి.

ఉలి తగిలితే మైలనా? మరి నీ ప్రార్థన గుడిసెకు మెట్టురాయి ఎవలు చెక్కిన్రు? నేను. కడప రాయి? నేను. నీ దేవుడు ఆ కడప దాటుకుంటనే లోపలికి వస్తాండు గదా, ఆయనకు లేని మైల నీకెందుకు బావా?

ఈడ పని, యమునకు చెప్పినట్టే, పైన కుప్పలు ఏరుడు. దొరలు తవ్వి పారబోసిన మట్టి గుట్టలు. అండ్ల అభ్రకం తుకడలు పొరలు పొరలుగ, కాయితం లెక్క ఉంటయి. అవి ఏరి గంపలకెత్తుతం. మిగిలిన రాళ్ళను 'గాజురాయి' అని అవుతల పారేస్తరు. నేనూ పారేసిన. నీ ఉత్తరం సదివినంక వంగిన. నువ్వు గెలిచినవ్ పో.

గౌరయ్య తెచ్చిన బిస్కెట్ డబ్బా తెరువు. వరిగడ్డి నెమ్మదిగ తియ్యి. నీళ్ళ రంగుది, ఆరు పలకలు, తెల్లరాయిల సగం మునిగి ఉంది. తెల్లరాయిని విడగొట్టలే, నీ పార్వతీదేవమ్మ చెప్పిందని పుట్టినది పుట్టినట్టే పెట్టిన. ఎర్రవి దానిమ్మ గింజల లెక్క ఇంకో నాలుగు, బనీను ముక్కల కట్టిన. నా చేతులకు పగలగొట్టుడే తెలుసు బావా. పగలకుండ పట్టుకునుడు ఇప్పుడు నేర్చుకుంటున్న. ఏందోగని, మనసు ఆన్నే తిరుగుతాంది. అన్నం కాడ కూసున్నా కండ్లు నేల మీదనే.

నీకు రంగులే కావాల్నంటే మా ఇంట్ల నీళ్ళ కుండకు కదలకుండ ఒత్తు పెట్టిన వంకాయ రంగు రాయి తీసుకపో. లగ్గమైన కొత్తల శామీర్‌పేట క్వారీల దొరికితే యమునకు తెచ్చిచ్చిన. అదీ ఉలి తగలందే. మీ చెల్లె కొడితే మాత్రం నా పేరు చెప్పకు.

బాలరాజు


శామీర్‌పేట,
సెప్టెంబర్

బావా,

నీ డబ్బా పార్వతీదేవమ్మ ముంగట పెట్టిన. కండ్లద్దాలు తీసింది, తుడిచింది, మల్ల పెట్టుకున్నది. "మొన మీద గీత కూడా పడలేదు. ఎవరయ్యా తీసింది?" అన్నది. "మా బావ" అని చెప్తుంటే నాకు గర్వం వచ్చింది. గర్వం పాపం, తెలుసు. అయినా వచ్చింది.

నాలుగు రాళ్ళు ఆమెనే తన అల్మారాలకెల్లి తీసి ఇచ్చింది, కూడిక అయినంక తిరిగియ్యాలె అని. నీవి కలుపుకుంటే పెట్టె నిండుకొస్తాంది. పేర్లు నేనే పెడుతున్న. యమునారాయి ఏదో కచ్చితంగ చెప్పేటోడు ఎవడూ దొరకలే. అందుకే నీ నీళ్ళరంగు రాయికి ఆ పేరు పెట్టిన. మూడో పునాది. మన యమునకు చూపిచ్చి, "చెల్లె, రాబోయే పట్టణంల నీ పేరుంది" అంటే, "గంత పెద్ద ఊర్ల నన్ను గోడ కింద పెడ్తున్నవా అన్నా?" అని నవ్వింది. నవ్విందిగాని రాయిని కొంగుతోని తుడిచి తుడిచి చూసింది.

ఇగ అసలు మాట. పన్నెండో పునాది ఏందో ఎరుకేనా? సుగంధం! తెలుగు గ్రంథంల అచ్చంగ గదే మాట. పదకొండు రాళ్ళు కంటికి పెట్టి పన్నెండోది ముక్కుకు పెట్టిండు దేవుడు. వాసనొచ్చే రాయి! పెట్టె మూత తెరువంగనే ఆఖరి వరుసల కూసున్న ముసలోళ్ళకు, కండ్లు కానరానోళ్ళకు గూడ అందాలె. పార్వతీదేవమ్మను అడుగుదామా అనుకున్న. అడగలే. రాళ్ళకు ఆమె పెద్ద, వాక్యానికి నేను పెద్ద. సుగంధమంటే సుగంధమే. తెలుగు మాటకు అర్థం నేను ఇంకొకర్ని అడగాల్నా?

వంకాయ రాయి ముచ్చట మళ్ళ ఎత్తకు. లారీల కింద నలిగే క్వారీ రాయి పునాదికెక్కుతదా? వంకాయ రంగు ఆ పన్నెండిట్ల లేనే లేదు. కుండకు ఒత్తు పెట్టిన రాయి కుండకే.

ముక్కు పెట్టి వెతుకు బావా. డిసెంబర్ ఉరికొస్తాంది.

గండయ్య


సైదాపురం,
అక్టోబర్ చివర

బావా,

ఈ ఉత్తరం యమున ముంగట సదవకు. ఇంటికి తీసుకపోకు. నీ మీద ఒట్టు.

కుప్పలల్ల రాళ్ళు అయిపోయినయి. వానలకు కడిగిన కాడికల్లా ఏరిన. పెద్దయి, మంచియి లోపలనే ఉన్నయి. మా కుప్పల వెనకాల పాత దిగుడు గుంత ఒకటుంది, బావి లెక్క. ఎప్పుడో మూసిన్రు. ముండ్ల కంప అడ్డం పెట్టి ఒక కాపలాదారును పెట్టిన్రు. శనివారం శనివారం ఆయన సంతకు పోతడు. ఈడ నాతోని పనిచేసే వీరయ్య తాత పైన తాడు పట్టిండు. దిగిన.

అడుగున అడ్డంగ ఒక సొరంగం. దొరల కాలపు దుంగలు ఇంక అట్లనే నిలబడ్డయి, చెయ్యి పెడితే పిండి లెక్క రాలుతున్నయి. గోడ మీద కందిలి ఎత్తి చూస్తే, బావా, నేను దేవుణ్ణి మొక్కుడు తక్కువ గదా, ఆన్నే మొక్కిన. గోడంత మెరుస్తాంది. ఒక గూడుల వేళ్ళంతటి రాళ్ళు గుంపుగ, కోడి కింద పిల్లల లెక్క. రెండు ఊడదీసి పంపుతున్న. ఇయ్యి పదోది, పదకొండోది అనుకో.

ఇంకో మాట. నువ్వు ముక్కు పెట్టి వెతుకుమన్నవ్. సొరంగం చివరికెల్లి ఒక వాసన వస్తాంది. బాగ మక్కిన మామిడిపండు వాసన, తియ్యగ. ఆ వైపు పది అడుగులు వేస్తే కందిలి మంట చిన్నగయింది. గ్యాసునూనె నిండ ఉంది, గాలి లేదు, వాన లేదు. ఊకనే చిన్నగయింది. ఎనకకొస్తే మల్ల పెద్దగయింది. తల నొస్తే పైకొచ్చిన.

వీరయ్య తాత, "అది గుంత ఊపిరి. దాని జోలికి పోకు" అన్నడు. ముసలోళ్ళ మాటలని నవ్విన. నవ్విన గాని, ఆ రోజు మల్ల దిగలే.

అది నీ రాయేనా?

బాలరాజు


శామీర్‌పేట,
నవంబర్

బావా! బావా!

అదే! ఇంకేం కావాలె నీకు? వాసన వచ్చింది, దీపం తల వంచింది! పరిశుద్ధ స్థలంల పెద్ద పెద్ద భక్తులే చెప్పులిడిసి మొకం కప్పుకున్నరు, కందిలి ఎంత? దాని ఎదుట మనిషి చేసిన వెలుగు చిన్నబోవాలె. చిన్నబోయింది. నీ కండ్లతోని నువ్వే చూసినవ్, ఇంకా నన్ను అడుగుతవా?

గ్రంథంల, అన్నీ పోగొట్టుకొని బూడిదల కూసున్న భక్తుడు గనుల గురించే చెప్పిండు బావా. గద్ద కన్ను ఎరగని తొవ్వ, సింహం కాలు పెట్టని తొవ్వ. మనుషులకు దూరంగ తాడు పట్టుకొని వేలాడి, చీకటిని చీల్చి, దాచిపెట్టినదాన్ని వెలుగులకు తెచ్చేటోడు అని చెప్పిండు. ఎవల గురించి అనుకున్నవ్? నీ గురించే! నువ్వు మొక్కకపోయినా నీ పని అండ్ల రాసి ఉంది.

వీరయ్య తాతది పెద్దమనసు, కాని భయం ముసలిది. తలనొప్పి ఉపవాసంల నాకూ వస్తది. ఒక్క నువ్వులనూనె పట్టు వేసుకొని దిగు. పదకొండు రాళ్ళు పెట్టెల కూసొని పన్నెండోదాని కోసం ఎదురు చూస్తున్నయి. కండ్లకోయ నుంచి కాలేజీ పోరగాళ్ళు గూడ వస్తమన్నరు. కరపత్రాలు అచ్చుకిచ్చిన: "వాసన గల రత్నం. కండ్లార చూడండి." ఇగ ఎనకకు పోయేది లేదు.

యమున అడిగింది. పైన కుప్పల కాడనే ఉన్నడని చెప్పిన. నీ ఒట్టు కోసం.

జల్దీ దిగు.

గండయ్య


సైదాపురం,
డిసెంబర్

బావా,

గౌరయ్య లారీ పొద్దుగాల్నే పోతాంది, అందుకే నాలుగు ముక్కలు.

పోయిన శనివారం దిగిన. వాసన వైపు పోయిన. కందిలి ఆరింది. అగ్గిపుల్ల గీసిన, అంటుకోలే. ఇంకోటి గీసిన, అదీ లేదు. తర్వాత ఏం చేసిన్నో యాదికి లేదు. వీరయ్య తాత తాడు గుంజి గుంజి పైకి తీసిండంట. బయటపడ్డంక నా మొకం మీద నీళ్ళు కొట్టి, నా అయ్య తిట్టనన్ని తిట్లు తిట్టిండు. ఇగ తాడు పట్టనన్నడు.

నువ్వన్నట్టే ఊది ఆర్పిండేమో నీ దేవుడు.

తాడును ఈసారి గుంత మీది దూలానికి కట్టిన. విప్పలే, అట్లనే ఉంచిన. వచ్చే శనివారం కందిలి లేకుండనే దిగుత. వెలుగెందుకు, ముక్కు తొవ్వ చూపిస్తది. చేతులతోని తడిమి తెస్త.

నీ పట్టణం మీద నాకు నమ్మకం ఉండి కాదు బావా. అండ్ల యమున పేరున్నదన్నవ్ గదా. పదకొండు వరుసలు లేపి పన్నెండోది ఇడిసిపెట్టిన గోడ నేనెప్పుడు కట్టలే.

బాలరాజు


మేడ్చల్, లారీల అడ్డా,
గురువారం

బాలరాజు బావా,

నిలబడి సదువుతుంటే సదువు, కూసోకు. తాడు కట్టి ఉంటే ముందు దాని కాడికి పో, ఆన్నే సదువు.

దిగకు. అది రాయి వాసన కాదు.

పొద్దుగాల నీ ఉత్తరం జేబుల పెట్టుకొని, పెట్టె సంకల పెట్టుకొని సుచిత్రకు పోయిన. కూడికకు ముందు పార్వతీదేవమ్మకు ఒకసారి చూపిద్దామని. ఆమె పదకొండు రాళ్ళు చూసి మెచ్చుకున్నది. "పన్నెండోది?" అన్నది.

"శనివారం వస్తాందమ్మా. వాసనొచ్చే రాయి."

"రాయికి వాసనేమిటి గండయ్యా?"

సుగంధమని చదివి చూపిచ్చిన. ఆమె లేచి ఇంగ్లీషు గ్రంథం తీసి అదే కాడ వేలు పెట్టింది. అమెథిస్ట్ అంట. ఎన్నడో తెలుగు చేసినాయన ఆ రాయికి పెట్టిన పేరు సుగంధం. పేరే బావా! మల్లయ్య ఒంటికి మల్లెపూల వాసన వస్తదా? ఎట్లుంటదమ్మా ఆ రాయి అంటే, అల్మారాలకెల్లి ఒకటి తీసి నా అరచేతుల పెట్టింది.

వంకాయ రంగు.

"మన శామీర్‌పేట వైపు రాళ్ళల్లో కూడా దొరుకుతుంది" అన్నది. నేను నవ్వబోయిన. నవ్వుతనే చెప్పిన, "మా బావకు వాసన దొరికిందమ్మా, మామిడిపండు వాసన. దీపం గూడ తల వంచింది" అని. ఆమె చేతులకెల్లి కండ్లద్దాలు కింద పడ్డయి.

"గండయ్యా, ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడా?"

బావా, ఆమె చెప్పినట్టే రాస్తున్న. మూసిన గుంతల పాత దుంగలు మురిగి మురిగి గాలిల ఉన్న ప్రాణమంత తినేస్తయంట. ఆ వాసన మురుగుది. మంట చిన్నగయితాందంటే మనిషికి గూడ ఆడ ఊపిరి చిన్నగయితాందని అర్థం. అగ్గిపుల్ల అంటుకోని కాడ మనిషి నాలుగు ఊపిర్లు గూడ పీల్చలేడంట. నొప్పి తెల్వదు, పిలుపు రాదు, నిద్ర వచ్చినట్టు కూలిపోతడంట. దీపం దండం పెట్టలే బావా. దీపం నీకు చెయ్యి ఊపింది, పో పో అని. వీరయ్య తాతకు అర్థమైంది. గ్రంథం సంకల పెట్టుకున్న నాకు కాలే.

ఆటోల శామీర్‌పేటకు ఉరికిన. యమున కుండ కాడ గిన్నెలు తోముతాంది. నేను నోరు తెరువకముందే నా మొకం చూసింది.

"గుంతల దిగిండా?"

అవునన్న.

"నువ్వు దింపినవా?"

తల ఊపిన. చెల్లె కుండను రెండు చేతుల ఎత్తి వాకిట్ల ఏసి కొట్టింది. నీళ్ళల్ల నుంచి ఆ వంకాయ రాయి తీసి నా మీదికి ఇసిరింది. "రాయే గదా నీకు కావాల్సింది? తీసుకో. నా మనిషిని నాకు తెచ్చియ్యి." మొన నా మోచెయ్యికి తగిలి నెత్తురొచ్చింది. రాయి మాత్రం పగలలే. తడిసి మెరుస్తాంది. ఎన్ని ఎండకాలాలు దాని పక్కన కూసొని నీళ్ళు తాగిన! ఇల్లు కట్టేటోళ్ళు పనికిరాదని పారేసిన రాయే మూలకు తలకాయ అయ్యిందని ఊరూర చెప్పినోన్ని. ఇల్లు కట్టేటోన్ని నేనే, పారేసినోన్నీ నేనే.

బూడిదల కూసున్న ఆ భక్తుని మాట నీకు సగమే రాసిన. లారీల అడ్డా కాడ కూసొని మిగిలిన సగం ఇప్పుడు చదివిన. ఆ తొవ్వలన్ని తిరిగి, కొండల్ని కుదుళ్ళ కాడికి తవ్వి, మనిషి అడుగుతడు, అసలైంది ఏడుందని. అప్పుడు అగాధమే నోరు తెరిచి చెప్తది: నా కాడ లేదు. ఇంటున్నవా బావా? ఆ గుంతనే చెప్తాంది, నా కాడ లేదని.

నీ గోడ ఆగిపోలే. పన్నెండో రాయి నువ్వు లగ్గమైన కొత్తలనే తెచ్చిపెట్టినవ్. ఇప్పుడు నా అంగీ జేబుల ఉంది, ఇంక తడి ఆరలే. గోడ పూర్తయింది. ఇగ దిగడానికి నీకు పనే లేదు.

తంతి ఇచ్చిన. గుమాస్తా, "మాటలు తక్కువ పెట్టు పెద్దమనిషీ" అన్నడు. జీవితంల మొదటిసారి రెండే మాటలు చెప్పిన: "గుంతల దిగకు." కాని నువ్వు పోస్టాఫీసు దిక్కు ఎప్పుడు పోతవో ఏమో. ఇయ్యాల గూడూరు రైలు పోయింది. లారీల మాకు జాగ లేదు, రేపటి రైలుకు నేను, యమున బయలెల్లుతం. అది శనివారం పొద్దుగాల గాని చేరదు. అందుకే ఈ ఉత్తరం గౌరయ్య చేతుల పెడుతున్న. శుక్రవారం పొద్దుగూకకముందే నీ చేతికి ఇచ్చినంకనే లారీ దించుకుంట అన్నడు. ఇంజను చాలూ చేసిండు, హారన్ కొడ్తాండు.

నా పేరు గండయ్య. పుట్టంగనే గండం గడిచిందని అవ్వ పెట్టిన పేరు. ఆ గడిచిన గండం నీ మీదికి తోలిన. దాన్ని నువ్వే ఆపాలె, నేను వచ్చేదాంక ఆగేది కాదు.

శనివారం దాంక చూడకు. కాపలాదారు ఉన్నా ఉండనియ్యి, తిట్టినా తిట్టనియ్యి. వీరయ్య తాతను తోడు పిలువు. నీ ఉలి తీసుకో. మైల లేదు దానికి, నేను చెప్తున్న. దూలానికి కట్టిన ఆ తాడును కొట్టెయ్, గుంతల పడెయ్, నీ ఎనక ఇంకెవ్వడూ దిగకుండ. ఈ కాయితం మడత పెట్టకముందే లే. ఇయ్యాలనే బావా, ఇప్పుడే, తాడు కొట్టెయ్!